వాయించే హక్కు, వాయించనని చెప్పే హక్కు

తెలుగులో ప్రజాకళల మీద విమర్శ తక్కువేం రాలేదు. కానీ వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ పాట ఏం చెబుతున్నది? దొరను నిలదీసిందా, కూలి మనిషిని నిలబెట్టిందా, ఆడమనిషి కష్టం చెప్పిందా అని చూసి, ఇది అభ్యుదయం, ఇది తిరోగమనం అని తేల్చేశారు. వస్తువును పట్టి కళను తూచే ఈ తక్కెడ దళిత కళల దగ్గరికి వచ్చేసరికి సగం కూడా పని చెయ్యదు. ఎందుకంటే డప్పులో మాట లేదు, దరువే ఉన్నది. అదే దరువు పటేలు ఇంటి పెండ్లికి కొడితే వెట్టి. హనుమకొండ చౌరస్తాలో ఊరేగింపు ముందర కొడితే ధిక్కారం. తోలు మారలేదు, సిర్ర మారలేదు, సిటికెన పుల్ల మారలేదు, కొట్టే చెయ్యి కూడా మారలేదు. మరి మారింది ఏంది? కొట్టమన్నది ఎవరు, కొడితే ఇచ్చింది ఏంది, కొట్టనంటే జరిగింది ఏంది. మారినవి ఈ మూడే.

కళాకారులు సమానత్వం కోసం, మానవ హక్కుల కోసం ఏం చేశారు అని అడిగినప్పుడు మనం ఈ మూడు ప్రశ్నలతోనే మొదలు పెట్టాలె. హక్కుల గురించి పాడే కళ ఒకటి. ఆ కళాకారుడికి హక్కులు ఉండే కళ ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మన విమర్శ చాలా దూరం దారి తప్పింది. వాయించనని చెప్పే హక్కు లేని చోట వాయించడాన్ని కళ అని పొగడడం అంటే వెట్టికి శాలువా కప్పడమే.

ఊరి డప్పు

చావుకు ఒక దరువు, పెండ్లికి ఒక దరువు, జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి. దూరం నుంచి దరువు వింటేనే ఊర్లో ఏం జరుగుతున్నదో తెలిసిపోతది. పత్రికలు, రేడియో లేని కాలంలో ఊరికి వార్త చేరవేసింది మాదిగవాడ. అంత పని చేసినోడికి ఊరి నడుమ నిలబడే చోటు లేదు. దేవర ముందర డప్పు ఉండాలె గని డప్పు కొట్టినోడు గుడిమెట్టు ఎక్కొద్దు. పీనుగ ముందర డప్పు నడవాలె గని డప్పు కొట్టినోడి పీనుగకు ఊరి వల్లకాట్లో జాగ లేదు. పంట వచ్చినప్పుడు కల్లం కాడ కొలిచి పెట్టే నాలుగు గింజలే దానికి ప్రతిఫలం. నిజాం పాలన నాటి తెలంగాణలో దొరలు, దేశ్‌ముఖ్‌లు చేయించుకున్న వెట్టిలో ఇదీ ఒక భాగం.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టానికి 1976లో 7ఏ అనే సెక్షన్ చేర్చారు. అంటరానితనం పేరు మీద ఎవరితోనైనా బలవంతంగా పాకీ పని చేయించినా, చచ్చిన గొడ్డును ఎత్తించినా, తోలు ఒలిపించినా, బొడ్డుతాడు తీయించినా, అట్లాంటి మరే పని చేయించినా నేరమే అన్నది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు బొందలు తవ్వించడం, శవాలు మోయించడం కూడా పేరు పెట్టి రాశారు. ఈ పట్టీలో డప్పు లేదు.

ఇది చిన్న సంగతి కాదు. గొడ్డును ఎత్తమనడం అవమానమని చట్టం పేరు పెట్టి గుర్తించింది. చావు ముందర డప్పు కొట్టమనడాన్ని మాత్రం 'అట్లాంటి మరే పని' అన్న మాట కిందనో, వెట్టి అన్న మాట కిందనో మనమే వెతికి చూపించుకోవాలె. ఎందుకిట్ల? నా సమాధానం ఒక్కటే. గొడ్డు ఎత్తడం పని లాగ కనిపిస్తది, డప్పు కొట్టడం కళ లాగ, ఆచారం లాగ కనిపిస్తది. కళ అన్న పేరు ఇక్కడ వెట్టికి ముసుగైంది. 'మీ కళ గదా, మీ కులవృత్తి గదా, కొడితే ఏం పోయింది?' అని అడిగే పెద్దమనుషుల గొంతు ఇప్పటికీ ఊర్లలో వినిపిస్తనే ఉన్నది. కొట్టమన్నోళ్లను సంఘ బహిష్కారం చేస్తే అదే 2015 సవరణ కింద కేసు పెట్టొచ్చన్న సంగతి మాత్రం వాడల దాకా చేరలేదు.

దించినోళ్లు, ఎత్తినోళ్లు

డప్పును దించడం ఇయ్యాల పుట్టిన ఆలోచన కాదు. 1860లు, 70లలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగలు బాప్టిస్టు మిషన్‌లోకి వచ్చినప్పుడు ఊరి పెద్దలతో వచ్చిన తగాదాల్లో డప్పుదీ ఒకటి. ఊరి దేవర కొలుపులకు మేం డప్పు కొట్టం అన్నారు. ఆదివారం పని చెయ్యం అన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. దానికి ఊర్లు పని ఇవ్వకుండా, బావి దగ్గరికి రానియ్యకుండా కక్ష తీర్చుకున్నాయి. అయినా 1878 జులై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ చరిత్రను మిషనరీ జాన్ క్లౌ చరిత్రగా రాసుకున్నారు గని, అంతకుముందే ఊరూరు తిరిగి మాటలు చెప్పిన యెర్రగుంట్ల పేరయ్య చరిత్రగా, 'కొట్టం' అన్న వేలమంది డప్పు కళాకారుల చరిత్రగా ఎవరు రాశారు? మత మార్పిడి అని ఒక డబ్బాలో వేసి మూత పెట్టారు. తెలుగునేల మీద కళాకారులు కలిసికట్టుగా కళను నిరాకరించిన ఘట్టం అది. మానవ హక్కుల చరిత్రలో దాన్ని చేర్చకపోతే ఆ చరిత్ర మొదటి పుట చిరిగిపోయినట్టే.

అదే ప్రకాశం జిల్లాలో, ఈదుముడి అనే ఊర్లో, 1994 జులై 7న మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దాన్ని నడిపిన మంద కృష్ణ మాదిగ మన వరంగల్ మనిషి. ఆ ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోర. తాతలు దించిన డప్పును మనుమలు ఎత్తారు. ఇందులో వైరుధ్యం లేదా అని అడిగే మిత్రులు ఉన్నారు. నా లెక్కలో లేదు. 1870లలో దించిన చెయ్యి, 1994లో ఎత్తిన చెయ్యి ఒకే మాట చెప్పాయి: ఈ డప్పు ఎప్పుడు మోగాల్నో మేం చెబుతం. దండోర అంటే అంతకుముందు సర్కారు మాటను, దొర మాటను మాదిగ నోటితో ఊరికి చెప్పించడం. 1994 తర్వాత మాదిగ తన మాటను తన డప్పుతో సర్కారుకు చెప్పడం. చాటింపు దిక్కు మారింది. పేరు చివర కులం పేరు పెట్టుకోవడం కూడా అట్లాంటి పనే. తిట్టుగా వాడిన మాటను సంతకం చేసుకున్నారు.

వర్గీకరణ మీద మాల, మాదిగ మేధావుల నడుమ ఉన్న వాదాన్ని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. 2000లో వచ్చిన చట్టం 2004లో సుప్రీంకోర్టులో పడిపోయింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్నది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ఈ ముప్పై ఏండ్ల పొడుగునా డప్పు ఆ ఉద్యమానికి జెండా లాగ నిలబడ్డది. 2025 మొదట్లో కూడా పిలుపు ఇచ్చింది లక్ష డప్పులతోనే. ఒక వాయిద్యం న్యాయస్థానం దాకా, శాసనసభ దాకా నడిచిన కథ ఇది. పాటలో ఏం ఉన్నది అని మాత్రమే చూసే విమర్శకు ఈ కథ చిక్కదు.

ఉద్యమాల డప్పు

1943 నుంచి ప్రజానాట్యమండలి బుర్రకథ, గొల్లసుద్దులు, వీధి నాటకం లాంటి రూపాలను రాజకీయ వేదిక మీదికి తెచ్చింది. 1970లలో జననాట్యమండలి గోచి, గొంగడి, డప్పుతో వచ్చింది. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గద్దర్ ఆ డప్పును సభల నడుమ నిలబెట్టిండు. 1990లో వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభలకు వచ్చిన లక్షలమందిని చూసినోళ్లు ఆ పాట బలాన్ని మర్చిపోలేదు. 1985 కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట దళితవాడలకు ధైర్యం ఇచ్చింది. 1997 ఏప్రిల్‌లో ఆయన ఒంట్లోకి దిగిన తూటాలు ఆ పాటకు రాజ్యం ఇచ్చిన సర్టిఫికెట్. 2023 ఆగస్టులో ఆయన పోయేదాకా ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఈ రుణాన్ని కాదనడం కృతఘ్నత.

అయినా అడగవలసిన ప్రశ్న అడగాలె. ఉద్యమాలు దళిత కళారూపాన్ని తీసుకున్నంత త్వరగా దళిత కళాకారుడి కులబాధను తీసుకున్నాయా? డప్పు వేదిక మీదికి వచ్చింది. డప్పు కొట్టినోడు నాయకత్వంలోకి ఎంతవరకు వచ్చిండు? రూపాన్ని జానపదం అన్నారు, ప్రజలది అన్నారు. ప్రజలది అన్న మాటలో మాదిగ, చిందు, డక్కలి, బైండ్ల అన్న పేర్లు కరిగిపోయాయి. ఒగ్గుకథ కురుమలది, మందహెచ్చుల కథ గొల్లలది, డప్పు మాదిగలది అని చెప్పడం సంకుచితత్వం కాదు, లెక్క చెప్పడం. 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనంతో దళిత కవిత్వం ఈ లెక్కే అడిగింది. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల తెచ్చిన 'నల్లరేగటిసాల్లు' ఆ లెక్కలో కూడా ఆడోళ్లు తప్పిపోయారని, ఉపకులాలు తప్పిపోయాయని గుర్తు చేసింది.

పేరు తప్పిపోవడం ఒక్క తెలుగులోనే కాదు. కర్ణాటక సంగీతంలో మృదంగం వాయించిన విద్వాంసుల పేర్లు అందరికీ తెలుసు. ఆ మృదంగానికి తోలు కోసి, సాగదీసి, నాదం పలికించిన తమిళ దళిత క్రైస్తవ కుటుంబాల పేర్లు ఎవరికీ తెలియవు. టి.ఎం. కృష్ణ 2020లో వాళ్ల మీద పుస్తకం రాస్తే, ఆవిష్కరణ సభకు ముందు ఇచ్చిన అనుమతిని కళాక్షేత్ర వెనక్కి తీసుకున్నది. ఒకే తోలు. ఒకటి పట్టుబట్ట మీద కూర్చుంటది, ఇంకొకటి పీనుగ ముందర నడుస్తది. నాదంలో తేడా ఉన్నదని కాదు, ఒడిలో తేడా ఉన్నదని.

సర్కారు డప్పు

రాష్ట్రం వచ్చినంక కళాకారుడి గతి కొంత మారింది. ఉద్యమంలో ధూంధాం వేదికలు ఎక్కిన కళాకారులను తీసుకొని తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడ్డది. 550 మందికి నెల జీతం దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉన్నది, 2024 జులై నుంచి అది నెలకు 4,000. గింజలు కొలిచిన కల్లం నుంచి బ్యాంకు ఖాతా దాకా రావడం తక్కువ ప్రయాణం కాదు. కళాకారుడు ఆకలితో ఉంటేనే కళ స్వచ్ఛంగా ఉంటదని చెప్పే కడుపునిండిన విమర్శకులతో నాకు పని లేదు.

కానీ మన మూడు ప్రశ్నలను ఇక్కడా అడగాలె. కొట్టమన్నది ఎవరు? ప్రభుత్వం. ఇచ్చింది ఏంది? జీతం. కొట్టనంటే? ఈ మూడో ప్రశ్న దగ్గర గొంతు తడబడతది. ఉద్యమంలో ప్రభుత్వాన్ని నిలదీసిన గొంతు ప్రభుత్వ పథకాన్ని ప్రచారం చేసే గొంతు అయితే, అదే కళాకారుడు రేపు తన వాడ భూమి గుంజుకున్నప్పుడు పాడగలడా? జీతం హక్కు. ఆ జీతం నోటికి తాళం అయితే మాత్రం అది కొత్త మిరాశి.

బిరుదుల సంగతీ ఇంతే. 2016కు ముందు మన వరంగల్ జిల్లాలోదే అయిన దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె నుంచి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ జీవితమంతా వేషాలు కట్టి 2005లో కన్నుమూసేనాటికి చిందుకు దేశమంతా పేరు తెచ్చింది. ఇవి మన గౌరవాలే. 2022లో పద్మశ్రీ అందుకున్న 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య 2024లో హైదరాబాద్ శివార్లలో కట్టడం పని దగ్గర కూలి చేస్తున్నట్టు పత్రికల్లో ఫొటోలతో వచ్చింది. పతకం మెడకు వేసే దేశం పూటకు బువ్వ పెట్టదు. బిరుదు ఇచ్చింది కిన్నెరకు. మొగులయ్యకు కాదు.

చేర్యాల పటాన్నే చూడండి. చేర్యాల కూడా 2016 దాకా మన జిల్లాదే. నకాషీలు పటం గీస్తే, దాన్ని విప్పి రాత్రంతా కథ చెప్పింది ఆశ్రిత కులాలు. మాదిగలకు జాంబపురాణం చెప్పింది డక్కలోళ్లు. ఇయ్యాల పటం చిన్నదై, అద్దాల చట్రంలో పట్నం గోడ ఎక్కింది. భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నది. సంతోషమే. పటాన్ని విప్పిన చెయ్యి, కథ చెప్పిన గొంతు ఏ గోడ మీద ఉన్నాయి? బొమ్మను అమ్మొచ్చు. భూమి కన్నా ముందు పుట్టిన జాంబవుడు మా తాత అని, పుట్టుకలో ఎక్కువ తక్కువ అన్న మాటనే తలకిందులు చేసే ఆ కథను అమ్మడం కష్టం. అందుకే బొమ్మ మిగిలి కథ పోయింది.

మన వాకిట్లో

ఇప్పటిదాకా బయటోళ్లను అడిగాం. ఇదే కొలత మన వాకిట్లోకి తెచ్చుకోకపోతే అది విమర్శ కాదు, ఫిర్యాదు.

జాంబపురాణం మాదిగల ఆత్మగౌరవ గ్రంథం అని మనం సభల్లో చెప్పుకుంటం. దాన్ని తరాలుగా నోటిలో దాచిపెట్టిన డక్కలి మనిషిని మాదిగ ఇంట్లోకి రానియ్యలేదు. వాడకు అవతల గుడిసె వేసుకొని, వాకిట్లో నిలబడి త్యాగం తీసుకొని పోవాలె. ఊరు మాదిగను నిలబెట్టిన తీరులోనే మాదిగ డక్కలిని నిలబెట్టిండు. సమానత్వం చెప్పే కథ ఒకటి, ఆ కథ చెప్పినోడికి దక్కిన చోటు ఇంకొకటి. అంబేడ్కర్ కులాన్ని మెట్ల మెట్ల అసమానత అని చెప్పింది దీన్నే. 2025 చట్టం 59 కులాలను మూడు గుంపులు చేసినప్పుడు డక్కలి, మాష్టి, బేడ బుడగజంగం మొదటి గుంపులో, మాదిగ, చిందు, బైండ్ల రెండో గుంపులో వచ్చాయి. చట్టం వాళ్లను వేరుగా గుర్తించింది. మన సభల ముందు వరుస ఇంకా గుర్తించలేదు.

ఇంకొకటి జోగిని. ఎల్లమ్మ కొలుపులలో, జాతరలలో, కొన్నిచోట్ల పీనుగల ముందర కూడా డప్పు మోగుతుంటే జోగినిని ఆడించారు. 1988లో ఉమ్మడి రాష్ట్రం దీన్ని నేరం చేసింది. ఆ దరువు మన కళే, ఆ ఆట మన ఆడబిడ్డ మీద జరిగిన హింసే. రెండూ ఒకే వాకిట్లో, ఒకే రాత్రి జరిగాయి. 'మన సంస్కృతి' అని మొత్తం మూటగట్టి నెత్తిన పెట్టుకునేటప్పుడు ఈ మూటలో ఏమున్నదో విప్పి చూడాలె. ఆడనని చెప్పిన జోగిని కూడా కళ గురించి విమర్శ చేసినట్టే. ఆమె విమర్శ మనందరి వ్యాసాల కన్నా గట్టిది.

దించాల్నా, మోగించాల్నా?

డప్పు బానిసత్వపు గుర్తు, దాన్ని కాల్చెయ్యాలె అనే అంబేడ్కరిస్టు మిత్రుల వాదంలో బలం ఉన్నది. మహారాష్ట్రలో మహర్ వతన్ పనులు వదిలిపెట్టమని అంబేడ్కర్ చెప్పింది ఊరికే కాదు. డప్పు మన అస్తిత్వం, దాన్ని ప్రతి సభలో మోగించాలె అనే వాదంలోనూ బలం ఉన్నది. తమిళనాడు దిండిగల్‌లో శక్తి బృందం దళిత ఆడపిల్లల చేతికి పరై ఇచ్చింది. మగవాళ్ల చేతిలో చావు వాయిద్యంగా ఉన్నది వాళ్ల చేతిలో వేదిక ఎక్కింది. రెండు వాదాల్లోనూ లోపం ఒక్కటే. వాయిద్యాన్ని పట్టుకొని వాదిస్తున్నారు, వాయించే మనిషిని అడగడం లేదు. తోలుకు కులం లేదు. కొట్టమనే ఆజ్ఞకు కులం ఉన్నది. ఆజ్ఞ పోయిన చోట డప్పు ఉండొచ్చు, ఆజ్ఞ ఉన్న చోట డప్పు దిగాలె. ఏది ఎక్కడో తేల్చేది ఆ వాడ మనుషులే.

కనుక కార్యకర్తలకు ఒక మాట. సభకు డప్పు బృందాన్ని పిలిచినప్పుడు కరపత్రంలో వక్తల పేర్ల పక్కన వాళ్ల పేర్లు కూడా వెయ్యండి. ముందే కూలి మాట్లాడి ఇవ్వండి. ఊరేగింపు అయిపోయినంక వేదిక కింద కాకుండా వేదిక మీద కుర్చీ వెయ్యండి. మన సభలో మోగే డప్పు కూడా ఉచిత సేవ అయితే దానికీ దొర ఇంటి డప్పుకూ తేడా ఏంది?

ఉపాధ్యాయులకు ఒక మాట. బడి వార్షికోత్సవంలో డప్పు నృత్యం పెట్టినప్పుడు దళిత పిల్లలనే ఎంచి నిలబెట్టకండి. మిగతా పిల్లల చేతికీ డప్పు ఇవ్వండి, ఇష్టం లేని పిల్లను వదిలెయ్యండి. ఆ పిల్ల వద్దనడం కూడా పాఠమే.

విద్యార్థులకు, మా పరిశోధకులకు ఒక మాట. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నది, తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. మా ఇండ్లల్లో మొదటిసారి డిగ్రీ చదివిన మాలాంటోళ్లకు ఈ కళలే పరిశోధనాంశాలు అయ్యాయి. చెప్పినోళ్లను 'వక్త 1, వక్త 2' అని రాసి, చదివినోడి పేరు మీద పట్టా తీసుకునే పద్ధతి ఇంక చాలు. వాళ్లు ఒప్పుకుంటే పేరు రాయాలె. రికార్డు చేసిన గొంతు ప్రతి ఒకటి ఆ ఇంటికి చేరాలె. చెప్పనంటే లేచి రావాలె. 'సహకరించలేదు' అని అధ్యాయం చివర రాసేది కాదు అది. 1870లలో ఒంగోలు మాదిగలు మొదలు పెట్టిన మాటే అది, ఆ మాటకూ సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం కావాలె.